అరకు ఘాట్‌లో చారల రాయి, దాన్ని నిలువునా చీల్చిన పగులు

మీరు అడిగినవి మూడు. శృంగవరపుకోట (ఎస్.కోట) నుంచి అరకు వెళ్తూ, అనంతగిరికి ముందు రోడ్డు కోసం తొలిచిన కొండ గోడలో ఎర్ర చుక్కలున్న చారల రాయి చూసి ఫొటో పంపారు. ఆ చారలు ఒకప్పుడు సముద్రం అడుగున పడ్డ పొరలేనా? ఆ గోడని పైనుంచి కిందకి చీల్చినట్టున్న పగులు ఫాల్టేనా, అంటే రెండు వైపులా రాయి జరిగిన పగులేనా? ఫాల్టే అయితే, ఎస్.కోట దగ్గర కొండ పాదంలో ఇల్లు కడుతున్న మీకు భూకంపం భయం ఉందా? ముప్పై ఏళ్లకు పైగా సుత్తి, కంపాస్ పట్టుకుని తూర్పు కనుమల్లో తిరిగినవాణ్ని. ఒక్కొక్కటే వివరంగా చెబుతాను. మీ ఇంటికి అసలు సంబంధం ఉన్న సంగతి మాత్రం మీరు అడిగినవాటిలో లేదు. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు రాయి సంగతి. మీరు చూసింది నూటికి తొంభై పాళ్లు ఖోండలైట్. ఒడిశా కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో ఆ పేరు పెట్టారు. సింహాచలం కొండ, కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్ అన్నీ ఆ రాయే. కోణార్క్ సూర్య దేవాలయం కట్టిందీ ఎక్కువగా దానితోనే. ఆ శిల్పాలు అంతగా అరిగిపోవడానికి ఈ రాయి స్వభావం కూడా ఒక కారణం.

ఈసారి వెళ్లినప్పుడు పది రెట్లు పెద్దగా చూపించే లెన్స్ ఒకటి తీసుకెళ్లండి. రోడ్డు పక్కన రాలిపడిన ముక్కల్లో కాస్త తాజాగా విరిగినదాన్ని ఏరుకుని, ఎండకి తిప్పి చూడండి. దానిమ్మ గింజ రంగులో, దాదాపు అదే ఆకారంలో గింజలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. పాశ్చాత్యులు ఆ ఖనిజానికి పేరు పెట్టిందీ దానిమ్మని చూసే. వాటి చుట్టూ పట్టుదారంలా మెరిసే తెల్లటి సన్న పుల్లలు ఒకే దిక్కుకి పడుకుని ఉంటాయి. అది సిల్లిమనైట్. గాజు ముక్కలా నీలి ఛాయతో ఉన్నది పలుగురాయి. తెల్లగా, గోరుతో గీకితే పొడి రాలేది సగం మట్టిగా మారిన ఫెల్డ్‌స్పార్. అక్కడక్కడ బూడిద రంగు రేకులు కనబడితే వేలితో రుద్దండి. పెన్సిల్ గీత పడ్డట్టు వేలికి నల్లగా అంటుకుంటే అది గ్రాఫైట్.

ఈ ఐదింటినీ కలిపి చూస్తే రాయి పుట్టుక తెలిసిపోతుంది. సిల్లిమనైట్ అంటే అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్. ఒక రాయిలో అల్యూమినియం ఇంత దండిగా ఉండాలంటే అది మొదట బంకమట్టి అయి ఉండాలి. గ్రాఫైట్ ఆ బురదలో ఉన్న కర్బనం. అంటే సరుకు సముద్రం అడుగునుంచి వచ్చిందే, ఆ మాట నిజం. చారలు మాత్రం అప్పటివి కావు.

అప్పడాల పిండిలో జీలకర్ర వేసి కర్రతో వత్తేటప్పుడు గమనించే ఉంటారు. ముద్దలో అడ్డదిడ్డంగా ఉన్న గింజలన్నీ అప్పడం పల్చనయ్యేకొద్దీ పక్కకి ఒరిగి బల్లపరుపుగా పడుకుంటాయి. రాయి వేడెక్కి మెత్తబడి నలిగినప్పుడూ అంతే. కొత్తగా పుట్టే ఖనిజాలు ఒత్తిడికి అడ్డంగా పరుచుకుంటాయి. తెల్లవన్నీ ఒక వరసలో, ఎర్రవీ నల్లవీ ఇంకో వరసలో విడిపోతాయి. దీన్ని మేం ఫోలియేషన్ అంటాం. చెయ్యంత వెడల్పు రాయిలో మీరు లెక్కపెట్టే చార ఏదీ ఏటేటా పేరుకున్న మట్టి పొర కాదు, నలుగుడు గుర్తు. చారల్లో బాగా తెల్లగా, లావుగా, లోపల గార్నెట్లు పొదిగినట్టున్నవి ఇంకా విశేషమైనవి. ఆ వేడికి రాయిలో కొంత భాగం కరిగి, పక్కకి జరిగి, మళ్లీ గట్టిపడ్డ చోట్లు అవి.

అయితే పాత పొరలు పూర్తిగా చెరిగిపోలేదు. చెయ్యంత రాయిలో దొరకవు గానీ కొండంత మేర చూస్తే దొరుకుతాయి. ఖోండలైట్ పక్కన క్వార్ట్‌జైట్ పట్టీ వస్తుంది, అది ఒకప్పటి ఇసుక. ఇంకొంచెం ముందుకెళ్తే బొర్రా దగ్గర పాలరాయి, అది ఒకప్పటి సున్నపురాయి. బురద, ఇసుక, సున్నం ఒకే సముద్రపు సరుకులు. బొర్రా గుహలు మాత్రం వాటితో పోలిస్తే నిన్నమొన్నటివి. ఉడికి పాలరాయిగా మారిన ఆ పట్టీని తర్వాతెప్పుడో గోస్తనీ నీళ్లు కరిగించి తొలిచాయి. అదే గోస్తనీ ఈ కొండల్లోంచి దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అలలు వెనక్కి తగ్గాక భీమిలి ఇసుకలో ఎర్రటి, నల్లటి తెట్టు కట్టి ఉంటుంది కదా, ఆ ఎరుపు గార్నెట్టే. మామూలు అయస్కాంతం ఆడిస్తే నల్ల గింజల్లో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం అంటుకుంటుంది, గార్నెట్ కిందే ఉండిపోతుంది. మీ పిల్లలకి చూపించండి. నేను కొత్తవాళ్లకి పాఠం అక్కడే మొదలుపెట్టేవాణ్ని.

ఇప్పుడు వేడి గురించి. నాకు ఈ కొండల మీద ఇంత మమకారం ఉండటానికి కారణం అదే. పాడేరు, అనకాపల్లి, అరకు పరిసరాల్లో సాఫిరిన్ అనే నీలి ఖనిజం దొరికే రాళ్లున్నాయి. కొన్నిచోట్ల అది పలుగురాయిని ఆనుకుని, రెండింటి మధ్య ఇంకే ఖనిజమూ లేకుండా కూర్చుని ఉంటుంది. ఆ జంట అలా పక్కపక్కన పుట్టాలంటే దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇటుక బట్టీలో మట్టి ఎర్రగా కాలే వేడి అటూఇటూగా అంతే. కాకపోతే ఇక్కడ బట్టీ ఉన్నది నేలకి 25, 30 కిలోమీటర్ల లోతున. మామూలుగా ఆ లోతులో ఉండే వేడి దీనికన్నా చాలా తక్కువ. అంత అదనపు వేడి ఎక్కణ్నుంచి వచ్చింది, అన్ని కోట్ల ఏళ్లు ఎలా నిలిచింది అన్నదాని మీద వాదన ఇంకా నడుస్తోంది. ఇంత వేడి చూసిన నేల పొర బయటపడి, మనిషి నడిచి చూడగలిగే చోట్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. వాటిలో ఒకటి మన పాడేరు రోడ్డు పక్కన ఉంది. మన విద్యార్థుల్లో చాలామందికి ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అంత వేడికి మొత్తం కరిగి ఎందుకు పారలేదని అనుమానం రావచ్చు. నీరు ఉంటే రాయి తక్కువ వేడికే కరుగుతుంది. మొదట కరిగిన భాగం నీటిని తనతో పట్టుకుపోయింది. మిగిలిన పిప్పి ఎండిపోయింది. ఎండిన రాయి అంత తేలిగ్గా కరగదు. మనం ఇవాళ ఖోండలైట్ అంటున్నది చాలావరకు ఆ పిప్పే.

దీని తోడురాయి చార్నొకైట్. విరగ్గొడితే నూనె రాసినట్టు ముదురు పచ్చగా, నల్లగా మెరుస్తుంది. క్వారీల్లో దీన్ని నల్లరాయి అనేస్తారు, కంకరకి కొట్టేది ఎక్కువగా దీన్నే. కలకత్తా వ్యవస్థాపకుడిగా చెప్పే జాబ్ చార్నాక్ సమాధి మీద రాయిని బట్టి, థామస్ హాలండ్ 1893లో ఈ పేరు పెట్టారు. ఆ సమాధి రాయి మద్రాసు నుంచి వెళ్లిందే.

వయసు దగ్గర చాలామంది పొరబడతారు. తూర్పు కనుమలు అంటే ఒకేసారి లేచిన ఒకే పర్వతం అని బడిలో చదువుకున్నాం. అలా కాదు. జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజాల గింజల్లోని యురేనియం ఎంతమేర సీసంగా మారిందో కొలిచి వయసు కడతారు. అలా చూస్తే విశాఖ, అరకు, పాడేరు వైపు రాళ్లు ఉడికింది సుమారు 100 నుంచి 95 కోట్ల ఏళ్ల కిందట. కృష్ణకి దక్షిణాన ఒంగోలు వైపు రాళ్లు సుమారు 160 కోట్ల ఏళ్ల కిందటే ఉడికి చల్లారాయి. కొండపల్లి కొండల్లోని రాళ్లూ ఆ పాత కోవవే. వేర్వేరు కాలాల్లో తయారైన ముక్కలు తర్వాత ఒకదానికొకటి అతుక్కుని పట్టీ అయ్యాయి.

మీరు కారులో ఎక్కుతున్నది ఆనాటి పర్వతాన్ని కాదు, దాని పునాదిని. 30 కిలోమీటర్ల లోతున ఉడికిన రాయి ఇవాళ చేతికందుతోందంటే పైనున్న అంత మందమూ కోట్ల ఏళ్లలో అరిగి కొట్టుకుపోయిందని అర్థం. హిమాలయాల అడుగున ఇవాళ ఏం జరుగుతుంటుందో ఊహించుకోవాలంటే అనంతగిరి గోడని చూడాలి.

ఇదే పట్టీకి రెండో సగం అంటార్కిటికాలో ఉంది. అక్కడ రేనర్ సముదాయం అని పిలిచే రాళ్లు వయసులోనూ వేడిలోనూ మన విశాఖ రాళ్లకి సరిజోడు. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మన నేల అక్కణ్నుంచి విడిపోయింది. మన తూర్పు తీరం ఆ చిరుగు అంచు. 2012లో మన దేశం భారతి స్థావరం కట్టిన లార్స్‌మన్ కొండల్లోనూ గార్నెట్, సిల్లిమనైట్ ఉన్న చారల రాళ్లే ఉన్నాయి.

ఇక ఫాల్టు. పుస్తకాల్లో భ్రంశం అంటారు. దీన్ని అర్థం చేసుకోవడానికి బెల్లం పాకం చాలు. వేడిగా ఉన్నప్పుడు పాకాన్ని లాగితే తీగలా సాగుతుంది. అదే అచ్చుగా గట్టిపడ్డాక కొడితే ఫట్‌మని విరుగుతుంది. రాయికీ ఈ రెండు గుణాలూ ఉన్నాయి. పలుగురాయి సుమారు 300 డిగ్రీలు దాటితే నెమ్మదిగా సాగడం మొదలుపెడుతుంది. నేలలో పదీ పదిహేను కిలోమీటర్లు దిగితే ఆ వేడి వస్తుంది. దానికి పైన కదలిక వస్తే రాయి విరుగుతుంది, అది ఫాల్టు. దానికి కింద అదే కదలిక వస్తే రాయి విరగదు, సాగి జారుతుంది. దాన్ని షియర్ జోన్ అంటాం.

కనుమల్లో పెద్ద గీతలని పటాల్లో చూపించేవాటిలో చాలావరకు షియర్ జోన్లు. ఈ పట్టీకి పడమటి అంచంతా అదే కథ. ఒడిశా నుంచి సీలేరు మీదుగా ఖమ్మం వైపు, ఆ దిగువన ఒంగోలు వైపు, తూర్పు కనుమల రాళ్లు పడమర దిక్కుకి ఎగదోసుకుని పాత నేల మీదికి ఎక్కాయి. ఆ ఎక్కడంలో ఆఖరి దఫాల్లో ఒకటి సుమారు 50 కోట్ల ఏళ్ల కిందటిది. సీలేరు వైపు అలాంటి చోట రాయిని దగ్గరగా చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మామూలుగా గుండ్రంగా ఉండాల్సిన ఫెల్డ్‌స్పార్ గింజలు రెండు వైపులా తోకలు వచ్చి చేపల్లా సాగి ఉంటాయి. పలుగురాయి రిబ్బన్లయిపోయి ఉంటుంది. తోకలు ఏ వైపు వంగాయో చూసి పైభాగం ఎటు జరిగిందో చెప్పవచ్చు. అలాంటి రాయిని మైలొనైట్ అంటారు. అందులో పగులు కనిపించదు. కిలోమీటర్ల కొద్దీ జరిగిన కదలిక మొత్తం ఆ సాగిన చారల్లోనే ఉంటుంది. కోట్ల ఏళ్ల కిందట, లోతున, వేడిలో జరిగిపోయిన పని అది. పటంలో అంత పొడుగు గీత ఉందని ఇవాళ భయపడక్కర్లేదు.

మీ ఫొటోలోని పగులు ఆ జాతిది కాదు, చల్లారిన రాయిలో వచ్చిన పగులే. అయినా పగిలిందల్లా ఫాల్టు కాదు. పగులుకి రెండు వైపులా రాయి జరిగితేనే ఫాల్టు. జరగకుండా ఊరికే నోరు తెరిచింది జాయింట్, అంటే ఉత్త పగులు. పైబరువు తొలగిపోయిన రాయి సర్దుకునేటప్పుడు ఇవి వేలకొద్దీ వస్తాయి.

తేడా పట్టుకునేది ఇలా. పగులుకి ఎడమ వైపు స్పష్టమైన తెల్ల చార ఒకదాన్ని ఎంచుకోండి. దాని మీద చూపు ఆన్చి పగులు దాకా నడిపించి, కుడి వైపు అదే చార కొనసాగుతోందా చూడండి. తిన్నగా అందుకుంటే అది జాయింట్. చార జానెడు కిందో పైనో మళ్లీ మొదలైతే ఫాల్టు. ఒక్క చారతో తీర్పు చెప్పకండి, కనీసం మూడింటిని కలపండి. చారలు పగులుకి సమాంతరంగా ఉంటే ఈ పరీక్ష పనిచేయదు. అప్పుడు పగులు ముఖాన్ని చూడాలి. ఫాల్టు ముఖం పాలిష్ పట్టినట్టు నునుపుగా, దాని మీద ఒకే దిక్కున గీతలతో ఉంటుంది. వేలి కొనతో ఆ గీతల వెంబడి ఒకసారి అటు, ఒకసారి ఇటు తడిమి చూడండి. చాలాసార్లు ఒక వైపు నున్నగా జారుతుంది, రెండో వైపు చిన్న మెట్లు తగులుతాయి. నున్నగా జారిన దిక్కే సాధారణంగా ఎదుటి రాయి జరిగిన దిక్కు. పగులు మధ్యలో నలిగిన రాతి ముక్కలో, తడిపితే జిగురుగా ఉండే మట్టో ఉంటే అదీ సాక్ష్యమే. మీరు పంపిన ఫొటోలో రెండు తెల్ల చారలు పగులు దాటి తిన్నగానే సాగుతున్నాయి. అందుకే నేను జాయింట్ అనే అనుకుంటున్నాను. దగ్గరికెళ్లి పగులు ముఖం చూసి ఖాయం చేసుకోండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పొరపాటు చేశాను. ఉపగ్రహ చిత్రంలో గీత గీసినట్టు తిన్నగా పోతున్న లోయ కనపడగానే పటం మీద ఎర్ర సిరాతో ఫాల్టు గీసేశాను. మా పెద్దాయన పటం చూసి, ‘దాటి చూశావా?’ అని ఒక్కమాటే అడిగారు. చూడలేదు. మళ్లీ పంపారు. రెండు రోజులు వాగుకి అటూ ఇటూ నడిచి క్వార్ట్‌జైట్ పట్టీ ఒకదాన్ని వెంబడించాను. అటు గట్టు మీద అది ఉండాల్సిన చోటే, అడుగు కూడా తప్పకుండా ఉంది. జాయింట్ల గుంపు వెంట వాగు తేలిగ్గా కోసుకుపోయి ఆ లోయని చేసింది, అంతే. ఆ రోజు తర్వాత దాటి చూడకుండా ఒక్క ఫాల్టూ గీయలేదు. ఇంటర్నెట్‌లో దొరికే పటాల మీద గీతలు చూసి కంగారుపడేవాళ్లందరికీ ఇదే చెబుతాను. వాటిలో చాలా గీతలు పైనుంచి చూసి గీసినవి.

నిజమైన, పెద్ద, విరిగిన ఫాల్టులు మన నేలలో లేవా అంటే ఉన్నాయి. గోదావరి లోయే అందుకు ఉదాహరణ. రెండు వైపులా ఫాల్టులు పడి మధ్య నేల కుంగింది. ఆ కుంగిన పల్లంలో పూడుకుపోయిన అడవుల చెట్టూచేమే సింగరేణి బొగ్గయింది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వస్తున్న ఈ పల్లం, ఈశాన్యం నుంచి నైరుతికి సాగే తూర్పు కనుమల పట్టీని అడ్డంగా తెంపుతుంది. మన వైపు చెప్పుకోదగ్గ భూకంపాల్లో రెండు అక్కడే వచ్చాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3. రెండోది హైదరాబాద్, విజయవాడల దాకా తెలిసింది. ఒంగోలు దగ్గర 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో వచ్చింది. చచ్చిపోయాయనుకున్న పాత ఫాల్టులు కూడా నేల మీద ఒత్తిడి పేరుకుంటే ఒక్కోసారి కదులుతాయి. అందుకే ప్రమాదం సున్నా అని ఎవరు చెప్పినా నమ్మకండి. కానీ భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2002 నాటి భూకంప పటంలో విశాఖ పరిసరాలు అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 2లో ఉన్నాయి. పిల్లర్లు, బీములు సరిగ్గా కట్టి, ఇనుము దగ్గర కక్కుర్తి పడకపోతే భూకంపం గురించి మీరు నిద్ర మానుకోవాల్సిన పని లేదు.

మీరు అడగనిది వాలు గురించి. ఎస్.కోట కొండ పాదంలో భయపడాల్సింది భూకంపానికి కాదు, వానకి. ఖోండలైట్‌లో ఫెల్డ్‌స్పార్ నీళ్లు తగిలి తగిలి తెల్ల బంకమట్టి అవుతుంది. గార్నెట్ తుప్పుపట్టి ఊడిపోయి గుంటలు మిగులుతాయి. పైకి రాయిలాగే కనిపిస్తూ పారతో తవ్వితే వచ్చేస్తుంది. గ్రావెల్ అని లారీలకెత్తేది తరచు ఇలా పాడైన రాయినే. ఇందులో ఫోలియేషన్ మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. అంటే మట్టి పూసిన పలకల దొంతర లాంటిది. తూర్పు కనుమల్లో చాలాచోట్ల ఈ పలకలు ఈశాన్య-నైరుతి బారున ఉండి ఆగ్నేయానికి వాలి ఉంటాయి. మీ కొండ ముఖం కూడా మైదానం వైపుకి, అంటే దాదాపు అదే దిక్కుకి. పలకలు వాలుతోపాటే బయటికి వంగి ఉన్న చోట కింద పాదాన్ని తవ్వేస్తే పైదానికి ఆసరా పోతుంది. వానాకాలంలో కొత్తవలస-కిరండూల్ లైను మీద బండలు పడి రైళ్లు ఆగినట్టు వార్తలు చదువుతుంటారు కదా, అక్కడ జాయింట్లు, ఫోలియేషన్, నీళ్లు మూడూ కలుస్తాయి.

కాబట్టి స్థలం వెనక కోసిన గట్టు దగ్గర నిలబడి పలకలు ఎటు వాలాయో చూడండి. కొండ లోపలికి వాలి ఉంటే చాలావరకు నయం. అప్పుడు కూడా విడిగా ఊగే బండలు పైన ఉన్నాయేమో చూడాలి. మీ ఇంటి వైపుకి వాలి ఉంటే ఒక్క అడుగు కూడా ఇంకా లోపలికి తవ్వించకండి, జేసీబీ వాళ్లు చదును చేసి పెడతామన్నా సరే. ముడతలు పడ్డ చోట వాలు దిక్కు పది మీటర్లలో మారిపోతుంది, అందుకని గట్టు పొడవునా నాలుగైదు చోట్ల చూడాలి. గట్టు పైన నేల బీటలు, పక్కకి ఒరిగిన చెట్లు, వాన వెలిశాక వారమైనా ఊట ఆగని చోటు ఉన్నాయేమో ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. పశువుల్ని పైకి తోలేవాళ్లకి ఇవి బాగా తెలుస్తాయి. పైనుంచి వచ్చే నీరు గట్టులోకి ఇంకకుండా అడ్డంగా కాలువ తవ్వించి పక్కకి మళ్లించండి. గోడ కట్టిస్తే దానికి నీళ్లు కారే కన్నాలు వరసలుగా పెట్టించి, వెనక కంకర నింపించండి. కన్నాలు లేని గోడ వెనక నీరు చేరితే అంత బరువుకి గోడ ఆగదు. ఈ వానాకాలం రాకముందే ఆ కాలువ పని అయిపోవాలి, ఇల్లు ఒక నెల ఆలస్యమైనా ఫరవాలేదు.